ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు

2020 ఆగస్టులో ఒక మధ్యాహ్నం కౌంటర్లు ఖాళీ అయ్యాక మా శాఖ మెసెంజరు నా కేబిన్ తలుపు దగ్గర వచ్చి నిలబడ్డాడు. ప్రకాశం జిల్లాలో గిద్దలూరు వైపు, నల్లమల అంచున ఉన్న చిన్న శాఖ అది. నేనక్కడ మేనేజరుగా చేరి ఏడాది దాటింది. అతను దినసరి వేతనం మీద పనిచేసేవాడు.

"సార్, మా ఇంటామె కమ్మలు పెట్టి గోల్డ్ లోను తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు.

కరోనా రోజులు కదా, ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమోనని కంగారుపడ్డాను.

"అదేం లేదు సార్. ఫోను కొనాలి. పిల్లలకి ఫోన్లో క్లాసులంట."

అతనికి ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి అప్పుడే తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. తరువాత అబ్బాయి, ఆరో తరగతి. చిన్నది మూడు. ముగ్గురూ సర్కారు బడి పిల్లలే. మా అమ్మాయిదీ ఆ ఏడు తొమ్మిదో తరగతే. గిద్దలూరులో మా అద్దె ఇంట్లో దానికి ల్యాప్‌టాప్ ఉంది, వైఫై ఉంది, తలుపు వేసుకోవడానికి గది ఉంది, అర్థం కాకపోతే అడగడానికి బీఎస్సీ లెక్కలు చదివిన వాళ్లమ్మ ఉంది.

లోను ఇచ్చాం. ఫోను వచ్చింది. ఇంకేం, ఆ ఇంటి సమస్య తీరిపోయిందనుకున్నాను. అది నా పొరపాటని రెండేళ్ల తరువాత గానీ తెలియలేదు. ఆన్‌లైన్ చదువు మన దేశంలో ఎక్కడెక్కడ ఆగిపోతుందో ఆ తరువాత శ్రద్ధగా చదివి తెలుసుకున్నాను. మన బ్యాంకు కుటుంబాల్లో బడి పిల్లలున్నవారు, టీచర్లుగా పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతులు మీతో పంచుకుంటున్నాను.

ఇది నిన్నటి కల కాదు

తెర మీద పాఠం చెప్పడం కరోనాతో మొదలవలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. మన పల్లెలకు అవి తెలుగులోనే వచ్చాయి. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీ మీద టీవీ నడిపారు.

1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2004లో ఇస్రో కేవలం చదువు కోసం ఎడ్యుశాట్‌ను పైకి పంపింది. 2017లో స్వయం, దీక్ష వేదికలు వచ్చాయి. కాబట్టి పాఠాలకు మన దగ్గర కొరత లేదు. ఉపగ్రహం దాకా వెళ్లి దిగివచ్చిన పాఠం ఊరి చివర ఉన్న పిల్ల బుర్రకు ఎందుకు చేరడం లేదన్నదే అసలు ప్రశ్న.

మొదటి మెట్టు: పరికరం

2017-18లో జాతీయ నమూనా సర్వే చేసిన 75వ విడత లెక్క చూస్తే పరిస్థితి తెలుస్తుంది. పల్లెల్లో ప్రతి 100 ఇళ్లకు కంప్యూటరు ఉన్నవి నాలుగైదు. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15. పట్నాల్లో అవి వరుసగా 23, 42. ఈ స్థితిలో 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. యునెస్కో లెక్క ప్రకారం మన దేశంలో ఆ దెబ్బ తగిలిన విద్యార్థులు దాదాపు 32 కోట్ల మంది.

ఆ తరువాత ఫోన్లు చాలా వేగంగా వచ్చాయి. గ్రామీణ ప్రాంతాల్లో ఏటా పిల్లల చదువును పరిశీలించే 'అసర్' నివేదికలో 2018లో బడి పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 36.5 శాతం. 2020కి 61.8 శాతం, 2022కి 74.8 శాతం అయ్యాయి. ఈ పెరుగుదల వెనుక ఎన్ని కమ్మలు, ఎన్ని మేకలు, ఎన్ని పొదుపు సంఘం అప్పులు ఉన్నాయో పల్లె శాఖల్లో పనిచేసిన మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో మా శాఖకు వచ్చిన సంఘం మహిళలు అప్పు దేనికని అడిగితే గేదె కోసమని చెప్పి, సంతకం అయ్యాక "ఫోను కూడా కొనాలి సార్" అని నవ్వేవారు.

రెండో మెట్టు: సిగ్నలు, డేటా

ఫోను వచ్చిన వారానికే మెసెంజరు ఇంకో మాట చెప్పాడు. వాళ్ల ఊళ్లో సిగ్నలు నీళ్ల ట్యాంకు దగ్గరే నిలకడగా ఉంటుందట. పెద్దమ్మాయి నోటుబుక్కు తీసుకుని ట్యాంకు మెట్ల మీద కూర్చునేది. ఎండెక్కాక తెర కనపడదు. వానొస్తే ఇంటికి.

డేటా సంగతి ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. గంటసేపు వీడియో క్లాసు చూస్తే సుమారు అర జీబీ ఖర్చవుతుంది. ముగ్గురు పిల్లలు తలా రెండు గంటలు చూస్తే మూడు జీబీ. వాళ్ల ప్యాకులో రోజుకు వచ్చేది ఒకటిన్నర. అంటే ఇంట్లో సగం చదువు మధ్యాహ్నానికే అయిపోతుంది. ఎవరి సగం ఆపాలో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.

బడుల్లోనైనా ఇంటర్నెట్ ఉందా అంటే, కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల్లో 2021-22 నాటికి ఆ సౌకర్యం ఉన్న బడులు మూడింట ఒక వంతే. 2023-24కి అవి సగం దాటాయి. గ్రామ పంచాయతీలన్నిటికీ ఫైబర్ తీగ వేయాలన్న పథకానికి 2011లోనే ఆమోదం దొరికింది. ఇప్పుడు దాన్నే భారత్ నెట్ అంటున్నాం. తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చినచోట కూడా అక్కడి నుంచి బడికి, ఇంటికి చేరడం ఇంకో ప్రయాణం.

మూడో మెట్టు: ఇంట్లో ఫోను ఎవరి చేతిలో?

సర్వేలు ఇంట్లో ఫోను ఉందా అని అడుగుతాయి. ఆ ఫోను పగలు ఎక్కడ ఉంటుందన్నది ముఖ్యం. 2021 అసర్ సర్వే ఈ ప్రశ్న కూడా అడిగింది. స్మార్ట్‌ఫోను ఉన్న ఇళ్లలోనే నూటికి 26 మంది పిల్లలకు అది అసలు దొరకడం లేదని తేలింది. తండ్రి పనికి వెళితే ఫోనూ వెళుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి క్లాసు అయిపోయి ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో ఈ అడ్డు రెట్టింపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే అవునన్న మగవాళ్లు 57 శాతం, ఆడవాళ్లు 33 శాతం. పల్లె మహిళల్లో అది నాలుగింట ఒక వంతు. "ఆడపిల్లకు ఫోనెందుకు" అన్న మాట ఈ అంకెల్లో కనిపించదు కానీ వీటి వెనుక ఉన్నది అదే.

2019లో కేరళ హైకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. కాలేజీ హాస్టల్లో సాయంత్రం పూట అమ్మాయిలు ఫోను వాడకూడదన్న నిబంధనను ఒక విద్యార్థిని ప్రశ్నించింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని కోర్టు చెప్పింది. కోర్టు దాకా వెళ్లగలిగిన అమ్మాయి గెలిచింది. ఇంట్లో అడగలేని అమ్మాయిల మాటేమిటి?

మెసెంజరు ఇంట్లో ఫోను మొదటి హక్కు అబ్బాయిదే అయింది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. "వాడు చిన్నోడు, గోల చేస్తాడు. పెద్దది సర్దుకుంటుంది" అన్నారంతే. పెద్దమ్మాయి సర్దుకుంది.

నాలుగో మెట్టు: భాష

స్వయం, ఎన్‌పీటెల్ పాఠాల్లో చాలా భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. కొన్ని ఇంజనీరింగ్ కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు వచ్చాయి. అది సంతోషించదగ్గ విషయమే. కానీ పాఠం తెలుగులోకి మారినా దాని చుట్టూ ఉన్న మెట్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ, సబ్‌మిట్, టైమ్ అవుట్. మన ఖాతాదారులు మొబైల్ బ్యాంకింగ్ దగ్గర ఎక్కడ తడబడతారో పిల్లల తల్లిదండ్రులూ సరిగ్గా అక్కడే తడబడ్డారు.

ఈ విషయంలో ఒక మంచి దారి కూడా కనపడింది. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చిన్న తరగతుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వచ్చాయి. పిల్లవాడికి తెలిసిన భాష పక్కనే ఉంటే తెలియని భాష భయపెట్టదు. ఆన్‌లైన్ పాఠాలకూ ఇదే పద్ధతి కావాలి.

అయిదో మెట్టు: టీచరు

చాలామంది టీచర్లను తప్పుపట్టారు. వాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఇరవై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడి, పిల్లల మొహాలు చూస్తూ పాఠం చెప్పిన మనిషిని ఒక్కరోజులో ఫోను ముందు కూర్చోబెట్టారు. తరగతిలో టీచరుకు సగం సమాచారం పిల్లల కళ్లలోంచే వస్తుంది. ఎవడు దిక్కులు చూస్తున్నాడు, ఎవతెకు అర్థమైంది, ఎక్కడ మళ్లీ చెప్పాలి అన్నవి అక్కడే తెలుస్తాయి. తెర మీద ఆ కళ్లు ఉండవు.

అందుకని ప్రభుత్వాలు టీవీని వాడుకున్నాయి. కేరళ 2020 జూన్ 1నే 'ఫస్ట్ బెల్' పేరుతో విక్టర్స్ చానెల్లో పాఠాలు మొదలుపెట్టింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. టీవీకి డేటా అక్కర్లేదు, సిగ్నలు కోసం ట్యాంకు ఎక్కనక్కర్లేదు. పల్లెల వరకు ఇది తెలివైన పని. లోటల్లా ఒక్కటే. టీవీ చెబుతుంది కానీ వినదు.

మనమూ తక్కువ తినలేదు

ఇంతవరకు లేనివాళ్ల కష్టాలు చెప్పాను. అన్నీ ఉన్నవాళ్ల సంగతి చూద్దాం. మన బ్యాంకుల్లో ఏటా పూర్తి చేయవలసిన ఈ-లెర్నింగ్ కోర్సులుంటాయి. గడువు దగ్గరపడ్డాక ఆఖరి వారంలో నేను ఎలా పూర్తి చేశానో ఒప్పుకుంటాను. ఒక చేత్తో ఫోనులో కస్టమరుకు సమాధానం చెబుతూ ఇంకో చేత్తో 'నెక్స్ట్', 'నెక్స్ట్' నొక్కాను. చివరి ప్రశ్నలకు పక్క సీటు మిత్రుణ్ని అడిగాను. సర్టిఫికెట్ వచ్చింది. చదువు రాలేదు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సులను పరిశీలించిన పరిశోధకులు 2019లో ఒక విషయం తేల్చారు. పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా మంది కోర్సు లోపలికే అడుగుపెట్టలేదు. ఉచితంగా దొరికే ప్రపంచ స్థాయి పాఠం, చేతిలో పరికరం, నిలకడైన ఇంటర్నెట్ అన్నీ ఉన్నా నడిపించే మనిషి లేకపోతే పెద్దవాళ్లే సగంలో వదిలేస్తారు. మరి పదమూడేళ్ల పిల్ల ట్యాంకు మెట్ల మీద ఒంటరిగా ఎంతకాలం కూర్చుంటుంది?

తెగిపోయిన దారం

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బళ్లు తెరిచారు. 2021 ఏప్రిల్లో రెండో ఉద్ధృతికి మళ్లీ మూశారు. ఆగస్టు 16న తిరిగి తెరిచారు. 2020, 2021 సంవత్సరాల్లో పదో తరగతి పరీక్షలే జరగలేదు. 2022లో జరిగాయి. 2019లో 94.88 శాతం ఉన్న ఉత్తీర్ణత 2022లో 67.26 శాతానికి పడిపోయింది. ఆ ఏడు పేపర్ల సంఖ్య, పద్ధతి కూడా మారాయి కాబట్టి మొత్తం భారం ఆన్‌లైన్ చదువు మీదే వేయడం న్యాయం కాదు. అయినా ఆ రెండేళ్ల ఖాళీ ఆ అంకెలో కనపడుతూనే ఉంది.

మా అమ్మాయి పాసైంది. మెసెంజరు కూతురు లెక్కల్లో తప్పింది.

మర్నాడు అతను శాఖకు వచ్చి తల దించుకుని ఫైళ్లు సర్దుతూ, "మా అక్క వాళ్లు సంబంధం ఒకటి చెప్పారు సార్. చదువు ఎటూ రాలేదు గదా అంటున్నారు" అన్నాడు. ఆ పిల్లకు అప్పటికి పదహారేళ్లు కూడా నిండలేదు.

ఆ రాత్రి మా ఆవిడతో ఈ మాట చెప్పాను. "సప్లిమెంటరీకి నెల రోజులుంది కదా. రోజూ మీతో పాటు బండి మీద వాళ్ల నాన్న తీసుకొస్తే నేను చూస్తాను" అంది.

మొదటి రోజు మా ఆవిడ పదో తరగతి పుస్తకం తెరవలేదు. ఒక్కో మెట్టు వెనక్కి వెళుతూ ప్రశ్నలడిగింది. వర్గ సమీకరణాలు రాలేదు. ఎందుకు రాలేదంటే కారణాంకాలుగా విడగొట్టడం రాదు. అది ఎనిమిదో తరగతి పుస్తకం చివర్లో వచ్చే పాఠం. అంటే 2020 మార్చిలో బడి మూసేనాటికి వాళ్ల సారు ఇంకా చెప్పని పాఠం. అక్కడ తెగిన దారం రెండేళ్లు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. పై తరగతుల వీడియోలన్నీ ఆ పాఠం వచ్చిందనుకుని మొదలయ్యేవి.

"టీవీలో సారు బాగానే చెప్పేవాడు ఆంటీ. నాకు అర్థం కాలేదని ఆయనకెట్టా తెలుస్తది?" అందట ఆ పిల్ల.

నేను ఆన్‌లైన్ చదువు గురించి ఎన్ని నివేదికలు చదివినా ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకొకటి దొరకలేదు.

మొదటి పది రోజులు ఎనిమిదో తరగతి లెక్కలే. తరువాత మా అమ్మాయి దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వీడియోలు చూపించేది. ఇద్దరూ కలిసి చూసేవారు. అర్థం కానిచోట ఆపేవారు. ఆ పిల్ల ఇంతకుముందు చూసిన వీడియోల్లాంటివే అవి. ఇప్పుడు ఆపి అడగడానికి పక్కన ఒక మనిషి ఉండడమే తేడా.

జూలైలో పరీక్ష రాసింది, పాసైంది. సంబంధం మాట వెనక్కిపోయింది. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆశపడింది కానీ చివరికి ఊరికి దగ్గర్లోని జూనియర్ కాలేజీలో చేరింది. నాకు బదిలీ అయ్యాక కూడా ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు వాళ్ల నాన్న ఫోను చేశాడు.

బ్యాంకు మిత్ర నేర్పిన పాఠం

మన వృత్తిలో ఇలాంటిది మనం చూశాం. 2014లో జనధన్ ఖాతాలు తెరిచినప్పుడు వాటిలో చాలా ఖాతాలు సున్నా నిల్వతో ఉండిపోయాయి. ఖాతా తెరవడం ఒకటి, వాడడం ఇంకొకటి. ఊళ్లోకి బ్యాంకు మిత్ర వచ్చి, తెలిసిన మనిషిగా వీధి అరుగు మీద కూర్చుని వేలిముద్ర వేయించాక ఎన్నో ఖాతాలు కదిలాయి. యంత్రం అదే, ఖాతా అదే. మధ్యలో ఒక మనిషి చేరాడు.

ఆన్‌లైన్ చదువుకూ అదే వర్తిస్తుంది. ఫోను, డేటా, తెలుగు పాఠం అన్నీ అవసరమే. కానీ అవి ఖాతా తెరవడం వరకే. పిల్ల ఎక్కడ ఆగిందో గమనించే మనిషి ఊళ్లో ఉంటేనే ఆ ఖాతా నడుస్తుంది. బళ్లు తెరిచి టీచర్లు మళ్లీ పిల్లల ముందు నిలబడ్డాక అంకెలూ కోలుకున్నాయి. గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5కు పడిపోయారు. 2024లో తిరిగి 27.1కి వచ్చారు. కోలుకోవడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది. అయితే 2018 నాటి స్థితి కూడా గొప్పదేమీ కాదని మరవకూడదు.

మన ఇళ్ల నుంచి చేయగలిగింది

పెద్ద పనులు ప్రభుత్వాలు చేయాలి. చిన్న పనులు మన చేతిలో ఉన్నాయి.

మన ఇళ్లలో సొరుగుల్లో పడున్న పాత ఫోన్లు, ట్యాబులు ఉంటాయి. పాత సమాచారమంతా తుడిచి, దీక్ష యాప్ వేసి, పాఠాలు డౌన్‌లోడ్ చేసి ఇస్తే ఇంటర్నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. ఇచ్చేటప్పుడు అది ఇంట్లో ఆడపిల్లకని స్పష్టంగా చెప్పి ఇవ్వండి.

మన పిల్లలు స్వయంలో ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే మాత్రం రుసుము కట్టాలి. విశ్వవిద్యాలయం అంగీకరిస్తే డిగ్రీ క్రెడిట్లలో 40 శాతం వరకు ఇలా సంపాదించుకోవచ్చని 2021 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. కోర్సులో చేరేముందు తమ కాలేజీలో అది చెల్లుతుందో లేదో కనుక్కోమనండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి చేరమనండి. అలా చేరితే మధ్యలో వదిలేయడం తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది వారానికి రెండు గంటల సమయం. మన ఇంట్లో పనిచేసే అమ్మ పిల్లలో, శాఖ వాచ్‌మన్ పిల్లలో, ఎవరో ఒకరు ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటారు. పాఠం చెప్పనక్కర్లేదు, పాఠాలు ఫోనులో బోలెడున్నాయి. పక్కన కూర్చుని "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడిగితే చాలు. మా ఇంట్లో నెల రోజుల్లో జరిగింది అంతకంటే ఎక్కువేం కాదు.

ఆ కమ్మల లోను సంగతి చెప్పడం మరిచాను. ఫోను పాడైపోయాక కూడా ఏడాది పాటు వడ్డీ కట్టి చివరికి విడిపించుకున్నాడు. అవి ఇప్పుడు పెద్దమ్మాయి చెవులకున్నాయట.